తోరం కట్టిన సైకిలు

మా తమ్ముడు పోయాడన్న కబురు పొద్దుటి రైలులో వచ్చింది.

శ్రావణమాసం. మామూలు పొద్దే. లేచి వాకిలి ఊడ్చి చల్లి, ముసురులో నిలవదని తెలిసినా ముగ్గు వేశాను. తులసి దగ్గర దీపం రెండుసార్లు ఆరింది. మూడోసారి చెయ్యి అడ్డం పెట్టి నిలిపాను. మా ఆయన అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతూ, ఎవరూ అడగకపోయినా రైలు ఇవాళ లేటని చెబుతున్నారు. నేను ఇసుర్రాయి ముందు కూర్చుని కందులు విసురుతున్నాను. ఆ పప్పు మా ఇంటికి కాదు. వచ్చే నెల అనంత వ్రతం నాడు తమ్ముడు వస్తాడు, తిరిగి పోయేటప్పుడు సైకిలుకు కట్టి ఇవ్వాలని. వికారాబాదులో ఎంత మంచి పప్పు దొరికినా వాడికి తాండూరు పప్పే కావాలి.

రైలు కూత వినబడింది. కాసేపటికి వాకిట్లో చప్రాసీ నిలబడి ఉన్నాడు. తమ్ముడు పనిచేసే కచేరీలో చప్రాసీ అతను. టపా సంచీతో తాండూరు వస్తూ పోతూ ఉంటాడు. ఏటా వ్రతం మర్నాడు మా వాకిట్లో ఆగి, లోపలికి కూడా రాకుండా, "చేరిండు అక్కా" అని ఒక్క మాట చెప్పి పోతాడు. తమ్ముడు సైకిలు మీద క్షేమంగా ఇల్లు చేరాడని. ఇది అతను ఆగే రోజు కాదు. పైగా తల మీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అక్కా, జర లోపల కూసో."

"చెప్పు," అన్నాను.

"నిన్న పొద్దుగూకే యాళ్ళకు. కచేరీల. కుర్చీలనే."

మా ఆయన వేపపుల్ల పారేసి లేచారు. నా చెయ్యి ఇసుర్రాయి పిడి మీదే ఉంది.

"సైకిల్ మీద గాదా?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు.

"గాదక్కా. సైకిల్ ఇంట్లనే ఉన్నది. నిన్న నడిచొచ్చిండు."

తిరుగు రైలులో మేం వికారాబాదు పోయాం.

మా తల్లిదండ్రులకు నేను పెద్దదాన్ని, వాడు కడగొట్టువాడు. నా పెళ్ళినాటికి వాడు ఇంకా నా కొంగు పట్టుకుని తిరిగేవాడు. పెద్దయ్యాక కచేరీలో గుమాస్తా అయ్యాడు. పొద్దున పోయి కుర్చీలో కూర్చుంటే సాయంత్రం లేవడం. "ఏడాదంత కుర్చీల కూసునేటోణ్ణి, ఒక్క దినమన్న సీటు మీద కూసోనీ బావా" అని మా ఆయనతో అనేవాడు. ఆ ఒక్క దినం అనంత వ్రతం. వికారాబాదు నుంచి తాండూరుకు రైలు ఉంది. పెళ్ళిళ్ళకూ, పేరంటాలకూ, ఎవరికైనా ఒంట్లో బాగాలేనప్పుడూ వాడూ అందరిలాగా రైల్లోనే వచ్చేవాడు. వ్రతం నాడు మాత్రం గుట్ట దారిలో సైకిలు మీద వచ్చి, మధ్యాహ్నం తిని, దీపం పెట్టే వేళకు తిరిగి తన ఇంట్లో ఉండేవాడు. నలభై ఎనిమిది నుంచి నిరుటి వరకు ఒక్క ఏడూ తప్పలేదు.

ఆ వ్రతం సంగతి తెలియని వారికి రెండు మాటలు చెప్పాలి. భాద్రపద చతుర్దశి నాడు ఎర్రటి పట్టుదారానికి పద్నాలుగు ముళ్ళు వేసి, అనంత పద్మనాభస్వామి పూజలో పెట్టి చేతికి కట్టుకుంటారు. దాన్ని తోరం అంటారు. మళ్ళీ ఏడు కొత్తది కట్టుకునేదాకా అది చేతికి ఉంటుంది. పట్టిన వ్రతం మధ్యలో విడవకూడదు. మా పుట్టింట అమ్మ పట్టేది. మా అత్తగారింట లేదు. ఇంట్లో లేని వ్రతం కోడలు తెచ్చుకోగూడదని మా అత్తగారి మాట. అందుకని అమ్మ తన పూజలోనే నా పేరున కూడా ఒక తోరం పెట్టి, ఎవరితోనైనా రైల్లో పంపేది.

పోలీసు చర్య జరిగిన ఏడు, ఆ రోజుల్లోనే వ్రతం పడింది. రైళ్ళు నిలిచిపోయాయి. ఏ ఊళ్ళో ఏం జరుగుతోందో పక్క ఊరికి తెలియదు. తాండూరులో మేం ఉన్నామో లేమో అని అమ్మ అన్నం మానేసిందట. తమ్ముడికి అప్పటికి ఇరవై దాటి ఉంటాయేమో. నాన్న వదిలిపోయిన సైకిలు బయటికి తీసి, "తోరం ఇచ్చొస్త, అక్కను చూసొస్త" అన్నాడు. అమ్మ వద్దనలేదు. "దీపం పెట్టకముందె ఇంట్ల ఉండాలె" అని మాత్రం అంది. వ్రతం చీకటితోనే ముగించి, తోరాన్నీ అప్పాలనూ గుడ్డలో మూటగట్టి ఇచ్చింది.

ధారూరు దగ్గరికి వచ్చేసరికి వెనక లారీల చప్పుడు వినబడింది. ఎవరి లారీలో తెలియదు. రోడ్డు పక్కన ఒక చిన్న చాయ్ హోటలు. తలుపులు మూసి ఉన్నాయి. లోపలి నుంచి ఒక ముస్లిం పెద్దమనిషి తలుపు తీసి, వీణ్ణీ సైకిల్నీ లోపలికి లాగి, కట్టెల గదిలోకి తోసి తలుపు దగ్గరికి వేశాడట. లారీలు పోయేదాకా తలుపు తీయలేదట. ఆ తరువాత ఆయన చాయ్ కాచి ఇచ్చి, "ఎక్కడికి బేటా?" అని అడిగాడట. "అక్కకు దారమియ్యనీకి" అని వీడు చెప్పాడట. ఆయన సైకిలు వెనక కట్టిన మూట చూసి, "మూట గట్ల ఎనక కట్టకు. ఎవడన్న గుంజుకపోతడు" అన్నాడట.

మూట పోతే పోయింది, తోరం పోకూడదు అనుకున్నాడు తమ్ముడు. దాన్ని మూటలోంచి తీసి హ్యాండిలుకు కట్టుకుని వచ్చాడు.

నేను తలుపు సందులోంచి చూశాను. "అక్కా, నేనే" అన్నాడు. చెమట, బురద. తలుపు తీశాను. వాడు నన్ను కింది నుంచి పై దాకా చూసి, హ్యాండిలు మీది తోరం విప్పబోయాడు.

"ఆగు తమ్మీ. అది పూజల పెట్టిన తోరమేనా?"

"అదే అక్కా."

"దానికి ఎవరు కట్టిన్రు?"

"నేనే కట్టిన. ఎక్కడ పడిపోతదో అని."

"ముడేసినవు గద. ఒగరికి కట్టింది ఇప్పి ఇంకొగరికి కట్టరు."

వాడు సైకిలు వంక చూశాడు, నా వంక చూశాడు. "సైకిల్‌కు గూడ లెక్కనా?"

"నాకు తెల్వదు. అమ్మనడుగు."

ఆ లారీలకు జడవకుండా వచ్చినవాడు ఆ దారం ముందు గడపలో కూలబడ్డాడు. "ఇంత దూరం తెచ్చి సైకిల్‌కు కట్టేస్తినే" అని చెంపలు వేసుకున్నాడు. నా చేతికి నిరుటి తోరం ఉంది. రంగు వెలిసింది గానీ గట్టిగానే ఉంది. "పాతది ఉండనీ. నువ్వొచ్చినవు గద" అన్నాను. జొన్నరొట్టె, పప్పు పెట్టాను. తిని లేచి, దీపం వేళకు అమ్మ ముందు నిలబడ్డాడు.

ఇలాంటి తప్పు మా ఇంట్లోనే జరగాలి, అలాంటి తీర్పు కూడా మా అమ్మే చేయాలి. మరుసటి ఏడు పూజలో ఒక తోరం ఎక్కువ పెట్టింది. వ్రతం చేయించే అయ్యగారు లెక్క చూసి అడిగారట, "ఇదెవరికమ్మా?" అని.

"సైకిల్‌కు."

"సైకిల్‌కు తోరమేందమ్మా?"

"నిరుడు మొదలైంది గద అయ్యగారూ. ఇప్పుడిడిస్తె ఆ దోషం ఎవరికి?"

"దాని గోత్రం ఏమని చెప్పాలె నేను?"

"మా ఇంట్ల పుట్టినోళ్ళను మోస్తున్నది. మా గోత్రమే చెప్పున్రి."

అయ్యగారు చాలాసేపు గడ్డం గోక్కున్నారని తమ్ముడు చెప్పేవాడు. చివరకు మా గోత్రమే చెప్పారు. ఆ ఏడు నుంచి సైకిలు కూడా వ్రతం పట్టినట్టే. మొదటి ఏడు వ్రతం నాడు అది తాండూరు పోయింది గనుక ఏటేటా పోవాలని కూడా అమ్మే అంది. అది అమ్మ పెట్టిన నియమమో, వాడు పెట్టించుకున్న నియమమో నేను ఎప్పుడూ అడగలేదు.

వచ్చే తీరు ఏటా ఒకటే. వీధి మొగలో రెండుసార్లు బెల్లు. వచ్చి ముందు సైకిలును నీడలో పెట్టేవాడు, తరువాత తాను నీడకు వచ్చేవాడు. కాళ్ళు కడుక్కుని నా ఎడమ చేతికి తోరం కట్టి, పాతది విప్పి తులసి మొదట్లో పెట్టేవాడు. మోదుగాకులో చుట్టిన అప్పాలు మా ఆయన చేతికి ఇచ్చేవాడు. "రైల్ల వస్తె ఏడిగ ఉంటుండె, బామ్మర్దీ" అని ఆయన ఏటా అనేవారు. "సల్లారితెనే తీపి బావా" అని వీడు ఏటా అనేవాడు. తిన్నాక నడిమింట్లో నాపబండ మీద చొక్కా తలకింద పెట్టుకుని ఒక కునుకు తీసేవాడు. చాప వేస్తానంటే వద్దనేవాడు. తాండూరు బండంత చల్లగా వికారాబాదులో మంచం కూడా ఉండదట. ఎండ తులసి గద్దె దాటేసరికి లేచి, పప్పు మూట కట్టుకుని పోయేవాడు. వీధి మలుపు తిరిగేదాకా నేను వాకిట్లో ఉండేదాన్ని. వెనక్కి చూసేవాడు కాదు. బెల్లు మాత్రం కొట్టేవాడు.

అమ్మ పోయింది. ఆ తరువాత మరదలు వ్రతం పట్టింది. తల్లి పోయాక ఆడపిల్లకు పుట్టింటి దారి సన్నబడుతుందని నేను చుట్టూ చూస్తూనే ఉన్నాను. నాకు సన్నబడలేదు. ఏటా ఒకరు ఆ దారి తొక్కి వచ్చేవారు గనుక.

ఆ దారి నేను ఒక్కసారే చూశాను.

అమ్మ పోయిన మరుసటి ఏడు మరదలికి జ్వరం వస్తే, చేసిపెట్టడానికి వికారాబాదు పోయి ఉన్నాను. వ్రతం నాటికి ఆమె లేచి తిరుగుతోంది. నా తోరం అక్కడే కట్టించుకున్నాను. ఇక తమ్ముడు ఎక్కడికీ పోనక్కర లేదు. అయినా సైకిలు తుడుస్తున్నాడు.

"నా తోరం నా చేతికున్నది. ఎవరి కోసం పోతవు ఈసారి?" అన్నాను.

"సైకిల్ పోవాలె గద అక్కా."

"అది పోయి ఏం చేస్తది?"

తుడిచే గుడ్డ హ్యాండిలు మీద వేశాడు. "నిన్ను దింపొస్తది" అన్నాడు.

నవ్వులాట అనుకున్నాను. వాడు లోపలికి పోయి పాత బొంత తెచ్చి, నాలుగు మడతలు వేసి, కారియర్ మీద తాడుతో బిగించాడు. నాకప్పటికి నలభై దాటాయి. నా ఈడువాళ్ళు సైకిలు ఎక్కడం ఎవరూ చూడలేదు. కానీ రైలు ఉండగా ఈ తిప్పలు ఎందుకు పడుతున్నావని అన్నేళ్ళుగా అడుగుతున్నది నేనే. ఎన్నిసార్లు అడిగినా "చూస్తె తెలుస్తది" అనేవాడు. సరే, చూద్దామనుకున్నాను. గడపలో నిలబడి మరదలు అంది, "వదినె, గట్టిగ పట్టుకో. దిగుడుల ఆయనకు బ్రేకులు యాదికుండయి."

ఊరు దాటాక ఎక్కాను. కాసేపటికే గుట్ట మొదలైంది, దిగాను. "ఈ రోడ్డు సగం తొక్కేది, సగం నడిచేది" అన్నాడు. ఎక్కినంత సేపూ నడిచాం. వాడు సైకిలు నెడుతున్నాడు, నేను పక్కన. మంచు ఇంకా చెట్ల నడుమ నుంచి లేవలేదు. టేకు ఆకుల మీద నీళ్ళు పడి టపటపమంటున్నాయి. రెండు పక్కలా సీతాఫలం చెట్లు, కాయలు కళ్ళు విప్పుతున్నాయి. రోడ్డుకు అడ్డంగా సన్నటి నీళ్ళు పారుతుంటే చెప్పులు చేత పట్టుకుని దాటాను. "ఇవే పోయి పోయి పట్నంల మూసీ అయితయి" అన్నాడు. నేను నమ్మలేదు. నా చీర అంచు కూడా సరిగా తడవలేదు మరి.

పైన దవాఖాన ఉంది. ఊపిరితిత్తుల జబ్బువాళ్ళు నెలల తరబడి ఉండే చోటు. వరండాలో రగ్గులు కప్పుకుని వరసగా కూర్చున్నారు. తమ్ముడు ఆగి, రెండుసార్లు బెల్లు కొట్టాడు. ఇద్దరు ముగ్గురు చేతులెత్తారు.

"ఎరికైనోళ్ళా?" అన్నాను.

"గాదు. ఏటా కొడుత. ఏటా కొత్తోళ్ళే ఉంటరు. నిరుటోళ్ళు లేరంటె ఇంటికి పోయిన్రనే అనుకుంట."

ఆ గుట్ట మీదే ఉన్న అనంత పద్మనాభస్వామి గుడి వైపు తిరిగి దండం పెట్టుకున్నాను. వాడూ పెట్టుకుని, సైకిలు ముందు చక్రాన్ని కూడా అటు తిప్పాడు. నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు.

దిగుడు మొదలయ్యే చోట ఎక్కించుకున్నాడు. నేను కళ్ళు మూసుకుని నామం చెప్పుకుంటున్నాను. గాలికి కొంగు ఎగురుతోంది. "కండ్లు తెరువక్కా" అన్నాడు. తెరవలేదు. "ఇది చూడనీకె తెచ్చిన నిన్ను. ఒక్కసారి తెరిచి మల్ల మూసుకో."

తెరిచాను.

మలుపులో లోయ మొత్తం ఒక్కసారి కనబడింది. మీలో ఎవరైనా భాద్రపదంలో ఆ దారిన పోయి ఉంటే నేను చెప్పనక్కర లేదు. పోనివారికి చెప్పినా తెలియదు. పచ్చ మీద పచ్చ, దాని మీద మబ్బు నీడ. కింద ఎక్కడో మా తాండూరు రైలు పోతోంది. పొగ కనబడుతోంది, చప్పుడు లేదు. వాడు బ్రేకు వేసి కాలు ఆనించాడు.

"సూడక్కా. రైల్ల కూసుంటె గుట్ట ఒక్కటె కనపడ్తది. గుట్ట మీదుంటె రైలు గూడ కనపడ్తది."

మళ్ళీ కళ్ళు మూసుకోలేదు. నామం మాత్రం ఆపలేదు.

ధారూరులో హోటలు ముందు ఆగాం. ఆ పెద్దమనిషి అప్పటికి గడ్డం మొత్తం తెల్లబడి ఉన్నాడు. తమ్ముడు ఆయన్ని చాచా అని పిలిచేవాడు. గాలిపంపు ముందే తీసి గోడకు ఆనించి పెట్టాడు. ఏటా ఆ రోజుకు తీసి పెడతాడట.

"ఏం మియా, ఈసారి సవారీ గూడ దొరికిందా?"

"సవారీ గాదు చాచా. అక్క."

ఆయన లేచి నిలబడ్డాడు. "దారం అక్కనా?" అన్నాడు. లోపలి నుంచి కుర్చీ తెచ్చి, భుజం మీది తువ్వాలుతో తుడిచి వేశాడు. "ఈ సైకిల్‌ను నేను కట్టెలల్ల దాసిన బిడ్డా. ఆ దినం మీ తమ్ముడు గజగజ వణికిండు. నన్ను చూసి గాదు, దారం యాడ పోతదో అని." చాయ్‌కి పైసలు తీసుకోలేదు. అప్పాలు రెండు తీసుకున్నాడు. అదీ ఏటా మామూలేనట.

అక్కడి నుంచి నేల మారింది. ఎర్రమట్టి పోయి నల్లరేగడి వచ్చింది. మోకాటి ఎత్తు కందిచేలు. చేలకు కంచెలుగా నిలబెట్టిన నాపబండలు. మా అత్తవారి ఊరు దగ్గర పడుతున్నదని ఆ బండలు చూసి తెలుసుకున్నాను. పెద్దేముల్ దాటాక ఎండ ముదిరింది. తమ్ముడి వీపు తడిసిపోయింది. "దిగి నడుస్త తమ్మీ" అంటే, "దమ్మున్నకాడ తొక్కుత, లేనికాడ నడుస్త. నడిస్తె దారేం తప్పిపోదు. నువ్వు కూసో" అన్నాడు.

కాగ్నా వాగు దాటాక ఊరి మొదట్లో దిగాను. సైకిలు మీద వచ్చినట్టు ఎవరికీ తెలియకూడదని ఇద్దరం నడిచి ఇంటికి వచ్చాం. మా ఆయన అరుగు మీదే ఉన్నారు. ధారూరులో మమ్మల్ని చూసినవాడెవడో రైలెక్కి మా కన్నా ముందే వచ్చి చెప్పేశాడు.

"కిందమీద పడేసినవా మీ అక్కను?"

"లేదు బావా."

"పెండ్లైనప్పుడు ఎడ్లబండిల వచ్చింది. ఇయ్యాళ సైకిల్ మీద వచ్చింది. వచ్చే ఏడు ఇమానం తెస్తవేమో. అరుగు కాడ దిగనీకి జాగ సరిపోదు, ముందె చెప్తున్న."

అంతే అన్నారు. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు ఆయనే తెచ్చి ఇచ్చారు.

మరుసటి ఏడు తమ్ముడు వచ్చినప్పుడు చూశాను, బొంత కారియర్ మీదే ఉంది. "ఇప్పకపోతివేంది?" అన్నాను. "ఉండనీ. మల్లెప్పుడన్న కూసుంటవు" అన్నాడు. ఆ పై ఏడూ ఉంది. ఎండకు వెలిసి వానకు నానితే, మరదలు ఉతికి మళ్ళీ కట్టేదట. నేను మళ్ళీ కూర్చోలేదు. కుదరలేదు.

వాడికి ఒక్కతే కూతురు. బడి ఈడులో కూర్చునేందుకు సీటు అందక, కడ్డీ కింది నుంచి కాలు పెట్టి కైంచీ తొక్కేది. పెద్దదయ్యాక లంగా గొలుసులో పడకుండా దాని కోసం గొలుసుకు రేకు వేయించాడు. "మొగపిల్లల సైకిల్ అది తొక్కుడేంది" అని చుట్టాలంటే, "సైకిల్‌కు తోరమే కట్టినం, మీసం కట్టలే" అనేవాడు. నిరుడు వ్రతం నాడు అది కిరాయి సైకిలు తీసుకుని గుట్ట దిగేదాకా తండ్రి వెంట వచ్చిందట. ఆ రోజు తమ్ముడు వచ్చేసరికి ఎప్పటికన్నా ఆలస్యమైంది. బండ మీద ఎప్పటికన్నా ఎక్కువసేపు పడుకున్నాడు. పోయేటప్పుడు మలుపులో బెల్లు కొట్టాడు. నేను అంతకన్నా ఏమీ గమనించలేదు.

కర్మలు పదకొండో రోజుతో ముగుస్తాయి. ఆ రోజు పోయినవారు వాడిన వస్తువులు దానం చేయడం మా ఇళ్ళలో ఉంది. మంచం, పరుపు, గొడుగు, చెప్పులు వాకిట్లో పెట్టారు. మా చిన్నాయన పెద్దవాడు, అంతా దగ్గరుండి జరిపిస్తున్నాడు. "సైకిల్ గూడ పెట్టున్రి. ఆయన వాడిందే గద" అన్నాడు.

సైకిలు తెచ్చి మంచం పక్కన నిలబెట్టారు. మరదలు గోడకు ఆనుకుని ఉంది. తల ఎత్తలేదు. మేనకోడలు లోపలి నుంచి వచ్చి హ్యాండిలు పట్టుకుని నిలబడింది. వదలమని ఎవరు చెబుతారు, పట్టుకొమ్మని ఎవరు చెబుతారు. శాస్త్రం కాదనడానికి నేనెవర్ని. స్వామిని తలచుకుని కూర్చున్నాను. ఆ సైకిలు వాకిలి దాటితే ఇక వ్రతం నాడు మా వీధి మొగలో బెల్లు ఉండదు. ఆ ఇంట్లో ఇక పూజకు కూర్చునేవారు లేరు. మా ఇంట్లో వ్రతం లేదు. అమ్మ పెట్టిన ఆనవాయితీ ఆ పూటతో సరి.

దానం పట్టవలసింది అయ్యగారు. అమ్మతో గోత్రం మాట మాట్లాడిన ఆయనే. చూపు మందగించింది. దగ్గరికి వచ్చి, ఒక్కొక్క వస్తువే చేత్తో తడిమి చూసుకుంటున్నారు. మంచం, గొడుగు. హ్యాండిలు మీద చెయ్యి ఆగింది. వెలిసిపోయిన దారం వేళ్ళకు తగిలింది.

"ఇది నేను పట్టను," అన్నారు.

"ఎందుకయ్యా, మంచిగనే ఉన్నది గద. బెల్లు గూడ మోగుతది," అన్నాడు చిన్నాయన.

"తోరం మీదున్నది. దాని యేడు ఇంక నిండలేదు. నడిమిట్ల ఉన్న వ్రతం నేనెట్ల దానం పడ్త? కట్టిచ్చిందే నేను."

"సైకిల్‌కు వ్రతమేందయ్యా?" అన్నాడు చిన్నాయన.

"ఆ ముచ్చట ఆ తల్లిని అడిగిన, పంతొమ్మిదేండ్ల కింద. నాకు జవాబు దొరకలే. నీకు దొరికితె చెప్పు."

వాకిట్లో ఎవరో నవ్వారు. పదకొండు రోజుల్లో ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. చూస్తే మరదలు. నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సైకిలును తిరిగి వరండాలోకి తీసుకుపోయారు.

సాయంత్రం అందరం వరండాలో కూర్చున్నాం. చప్రాసీ కూడా ఉన్నాడు. సైకిలు మిగిలింది, సరే. వచ్చే నెల దానికి తోరం ఎవరు కట్టాలి, పూజ ఎక్కడ అన్నది తేలలేదు. నేను మా ఆయన వంక చూడలేదు. అడగదలచుకోలేదు. అత్తగారి మాట ఉంది. ఆమె పోయి చాలా ఏళ్ళైనా మాట మాటే.

ఆయనే గొంతు సవరించుకున్నారు. "మా అమ్మ, కోడలు తేవద్దన్నది. కొడుకు తేవద్దనలే" అన్నారు. తరువాత అయ్యగారిని అడిగారు, "మా ఇంట్ల పట్టొచ్చునా?"

"దంపతులు కూసుంటె ఎక్కడన్న పట్టొచ్చు."

"అయితె సైకిల్‌ను రైల్ల ఏసుకపోదం. ముందు దినం బుక్ చేస్తె సరి."

"రైల్ల వద్దు మామా," అంది మేనకోడలు. "అది రైలెప్పుడు ఎక్కలే. నేను తొక్కుత."

చిన్నాయన వద్దన్నాడు. ఒంటరి ఆడపిల్ల, గుట్ట దారి, వానల రోజులు అన్నాడు. ఆయన చెప్పిందేదీ అబద్ధం కాదు. మరదలు నా వంక చూసింది. "వదినె, నువ్వెట్లంటె అట్ల."

"ఒంటరిగ ఎందుకు? నేనుంట గద ఎనక," అన్నాను.

"ఈ వయసులనా?" అన్నారు మా ఆయన.

"అది సగం తొక్కేది, సగం నడిచేది."

అయ్యగారు పంచాంగం చూసి సరేనన్నారు.

ఆ సాయంత్రం నిర్ణయమైంది ఇది. వ్రతం ఈ ఏటి నుంచి తాండూరులో, మా ఇంట్లో. తోరాలు ఎప్పటిలాగే, సైకిలుకు కూడా. వ్రతం ముందునాడు పొద్దున్నే మేనకోడలు, నేను వికారాబాదులో బయలుదేరాలి. దవాఖాన ముందు బెల్లు కొట్టాలి. ధారూరులో ఆగి చాచాకు సంగతి మేమే చెప్పాలి, ఆయనకు ఇంకా తెలియదు. ఎత్తుల దగ్గర దిగి నడవాలి. దీపం పెట్టకముందు తాండూరు చేరాలి. చేరిన కబురు మర్నాడు మరదలికి అందాలి. అది ఎవరు తేవాలన్న దగ్గర చప్రాసీ తానే టోపీ పెట్టుకుని లేచాడు. "ఆ దినం టపా సంచి ఉన్నా లేకున్నా నేను తాండూరు పోయొస్త. వాకిట్ల నిలవడి చెప్త, చేరిన్రని" అన్నాడు.

మరదలు తల ఊపింది. లేచి సైకిలు దగ్గరికి పోయి, కారియర్ మీది బొంతను అరచేత్తో ఒకసారి సరిచేసి, వదులైన తాడు విప్పి, మళ్ళీ గట్టిగా బిగించి కట్టింది.